నట్టు మరిచిన గవర్రాజు

నిడదవోలులో గవర్రాజు అనే పెద్దమనిషి ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉంది గానీ, నలుగురిలో తప్పు ఒప్పుకోవాలంటే మాత్రం ఆయనకి ప్రాణం పోయినంత పనయ్యేది. రైలు తప్పిపోతే రైలే తొందరపడిందనేవాడు. కాలు జారి పడితే గచ్చుని తిట్టేవాడు.

వాళ్ళింట్లో ఒక పాత అంబాసిడర్ కారుండేది. భార్య భ్రమరాంబకి అది వాళ్ళ నాన్నగారు ఇచ్చిన కారు. ఆయన పోయాక ఆవిడ దాన్ని మరీ అపురూపంగా చూసుకునేది. ఉన్నట్టుండి కారు దగ్గర పెట్రోలు వాసన రావడం మొదలైంది. చూస్తే, వెనకాల ట్యాంకు నుంచి ముందు ఇంజను దాకా కారు అడుగున వెళ్ళే ఇనప గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడింది. మెకానిక్కుని పిలుద్దామంది భ్రమరాంబ. నేనుండగా మెకానిక్కెందుకని నవ్వేశాడు గవర్రాజు. ఆయుధపూజ నాటికి గొట్టం తనే మార్చేసి, కారుని వాకిట్లో నిలబెడతానని వీధివీధంతా చాటుకొచ్చాడు. ఎదురింటి సుందరరామయ్య గారు మాత్రం "చూద్దాంలేవోయ్" అని ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వుకి గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది.

పని బాగానే మొదలుపెట్టాడు, కాదనకూడదు. ట్యాంకులో పెట్రోలంతా తీసేశాడు. కారుని ఎత్తి కింద దిమ్మలు పెట్టాడు. పాత గొట్టాన్ని ఊడదీసి నేలమీద పరిచి, కొత్త గొట్టాన్ని దాని పక్కనే పెట్టి, అచ్చం అలాగే వంపులు తిప్పాడు. ఇక గొట్టం కొసని గరాటులా విప్పార్చి నట్టుతో బిగించాలి. ముందు నట్టు ఎక్కించి, ఆ తర్వాతే కొస విప్పార్చాలి. విప్పార్చాక నట్టు ఎక్కనంటే ఎక్కదు. మొదటి కొస చక్కగా కుదిరింది. ఇంజను వైపుండే రెండోదాని దగ్గరికొచ్చేసరికి, ప్రహరీ మీంచి తొంగిచూస్తున్నవాళ్ళకి గొప్పలు చెబుతూ చెబుతూ నట్టు సంగతే మరిచిపోయాడు. చూసుకునేసరికి కొస విప్పారిపోయింది, నట్టు నేలమీదే ఉంది.

కొస కోసేద్దామంటే గొట్టం పొట్టిదైపోతుంది. మళ్ళీ కొత్తది వంచాలంటే అందరికీ తెలిసిపోతుంది. గవర్రాజు అటూ ఇటూ చూశాడు. ఆ అతుకు దగ్గర ఒక రబ్బరు ముక్క తొడిగి, పైన తీగ చుట్టి, నట్టుని మెల్లిగా జేబులో వేసుకున్నాడు. అంతా కుదిరిందా అని భార్య అడిగితే, కంపెనీవాళ్ళు కూడా ఇంత బాగా చెయ్యలేరన్నాడు.

పండగ రోజు మళ్ళీ పెట్రోలు పోసి, కారు స్టార్టు చేసి దర్జాగా వాకిట్లోకి తెచ్చి ఆపాడు. బంతిపూల దండ వేశారు, బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధిలోవాళ్ళంతా చుట్టూ చేరారు. భ్రమరాంబ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో కర్పూరం వెలిగించి కారు వైపు నడిచింది. సరిగ్గా అప్పుడే గవర్రాజు కిందికి చూశాడు. ముందు చక్రం పక్కన ముగ్గు తడిసి ఉంది. చూస్తుండగానే మరో చుక్క పడింది. ఎక్కణ్ణుంచి పడుతోందో ఆయనకి వేరే చెప్పాలా?

హారతి ఎంతసేపులే, ఏమీ కాదులే అనుకున్నాడు. ఎదురుగా సుందరరామయ్య గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు నోరు విప్పితే దీపావళి దాకా ఊరంతా ఇదే కబురు. ఇంతలో భ్రమరాంబ, నాన్నగారు గుర్తొచ్చి కళ్ళు చెమర్చి, ఇంకో అడుగు ముందుకేసింది. మంట ఆవిడ కొంగు పక్కనే ఆడుతోంది. గవర్రాజు గబుక్కున అడ్డం వెళ్ళాడు.

"ఆగు భ్రమరా! పెట్రోలు కారుతోంది. తప్పు నాదే" అన్నాడు.

పళ్ళెం లాక్కుని వీధి చివరికి పరుగెత్తి మంట ఆర్పేశాడు. అందరినీ దూరంగా జరగమన్నాడు. ఆ తర్వాత నట్టు సంగతి, రబ్బరు ముక్క సంగతి ఏదీ దాచకుండా చెప్పేశాడు. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. భ్రమరాంబ తిట్టాల్సినన్ని తిట్లు తిట్టింది. వీధి వీధంతా నవ్వింది, నవ్వరూ మరి! సుందరరామయ్య గారైతే అందరికంటే గట్టిగా నవ్వి, పంచె ఎగ్గట్టి ముందుకొచ్చారు.

"పదవోయ్, ముందు కారు పక్కకి తోద్దాం. పోయినేడు నేను ఫ్యాను రెక్కలు తిరగేసి బిగించాను. ఇప్పటికీ గాలి కప్పుకే కొడుతోంది. అది నా తప్పేనని ఇవాళ్టిదాకా మా ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు" అన్నారు.

ఇద్దరూ కలిసి పెట్రోలు తీసేసి, కొత్త గొట్టం వంచారు. ఈసారి నట్టు ముందే ఎక్కింది. ఇంజను ఆడించి అతుకులన్నీ పొడి కాగితంతో తుడిచి చూశారు. కాగితం పొడిగానే ఉంది. మర్నాడు విజయదశమి పూట భ్రమరాంబ తృప్తిగా హారతిచ్చి, ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చింది.

నీతి: తప్పు ఒప్పుకుంటే నలుగురూ ఒక పూట నవ్వుతారు, అంతే, దాచిపెడితే మనవాళ్ళ ప్రాణాల మీదికే రావచ్చు. అందుకే తప్పు జరిగిన వెంటనే ఒప్పుకోవాలి.