కొండవ్వకి వినబడని ఏడుపు

అనగనగా, మీ ముత్తాతకి ఇంకా ఉయ్యాల కట్టని కాలం. ఒక ఊళ్లో మగ్గాల వీధి. ప్రతి ఇంట్లోనూ నేలలో నేతగాడు దిగి కూర్చునే గుంట, గుంట మీద మగ్గం. తెల్లవారింది మొదలు టక టక టక. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే.

ఆ వీధిలో చెన్నప్ప, చౌడమ్మ అని మొగుడూ పెళ్లాలు. చాలా ఏళ్లు ఎదురుచూశాక వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. పురిటింట మగ్గం ఆడకూడదని ఆ వీధి కట్టుబాటు. చెన్నప్ప మగ్గం ఆపేశాడు. ఆ రోజే పాప ఏడుపు అందుకుంది. పాలు పట్టబోతే ఏడుపు, పడుకోబెట్టబోతే ఏడుపు. పిల్ల చిక్కిపోతోంది. దక్కుతుందో లేదోనని తల్లికి ఒకటే భయం.

ఎదురింటి పెద్దమ్మని అడిగారు. "దిష్టి తగిలిందే," అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఇంటిల్లిపాదీ దగ్గారు. పాప ఏడుపు ఆపలేదు.

పక్కింటి పెద్దమ్మని అడిగారు. "కడుపునొప్పేమో," అంది. పొట్టకి ఆముదం రాశారు. పాప చేతుల్లోంచి జారేంత జిడ్డయింది. ఏడుపు ఆపలేదు.

ఒక పొద్దున వీధి పెద్దని అడిగారు. "పసిబిడ్డకి మగ్గాల మోత పడలేదప్పా," అన్నాడాయన. అది మంచి మనుషుల వీధి. మాట అందగానే అందరూ మగ్గాలాపి గుంటల్లోంచి పైకొచ్చేశారు. అంత నిశ్శబ్దం ఆ వీధి ఎన్నడూ ఎరగదు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. వాళ్లు మాత్రం ఏం చేస్తారు, పాపం, మంచికి పోయి చేసిన పనే.

వీధి చివర కొండవ్వ ఉండేది. నా అన్నవాళ్లు లేని మనిషి. ఇంటింటికీ తన చిన్న రాట్నం పట్టుకెళ్లి, మగ్గానికి కావాల్సిన నూలు కండెలకి చుట్టిపెట్టేది. పూర్తిగా చెవుడు. ఆ పొద్దున వీధి మగ్గాలు ఆగిన సంగతే ఆమెకి తెలియదు. ఎప్పట్లాగే మధ్యాహ్నం చెన్నప్ప ఇంటికొచ్చింది. చూస్తే తల్లి కూర్చున్నచోటే తూలుతోంది. తండ్రి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

ఏం చెయ్యమంటావని చౌడమ్మ సైగ చేసింది.

"నాకేం తెలుసమ్మా, బిడ్డల్ని కన్నదాన్ని కాదు," అంది కొండవ్వ. "నాకు ఇనపడదు, ఇట్లియ్యి. మీరు కొంచేపు పండుకోండి."

ఇద్దరూ చాప మీద పడిందే తడవు, ఒళ్లు తెలియని నిద్ర.

పాప ఏడుస్తూనే ఉంది. కొండవ్వకి ఏ ఇబ్బందీ లేదు. పిల్లని ఒళ్లో పెట్టుకుంది. చేతికి పని లేకపోతే ఆమెకి తోచదు. రాట్నం తిప్పింది. దానికి నూనె పెట్టి ఎన్నేళ్లయిందో. అది అరుస్తోందని ఆమెకి తెలిస్తే కదా. కిర్రు టక, కిర్రు టక, కిర్రు టక.

చౌడమ్మకి మెలకువ వచ్చింది. ఏడుపు లేదు. లేచి పరుగెత్తుకొచ్చింది. పాప అవ్వ ఒళ్లో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పక్కన రాట్నం మగ్గంలాగే టక టకమంటూ తిరుగుతోంది. తల్లి గోడకి చేరగిలబడి ఏడ్చింది, నవ్వింది.

"నేను నెలలు నిండేదాకా మగ్గం పక్కనే కూర్చుంటినే," అంది మొగుడితో. "ఆ మోత కోసం ఏడ్చిందయ్యా, పిచ్చితల్లి."

చెన్నప్ప గుంటలోకి దిగాడు. టక టక టక. పక్కింటి మగ్గం అందుకుంది. ఆ తర్వాత వీధంతా అందుకుంది. పాప లేచి కడుపునిండా పాలు తాగింది. కొండవ్వ అరికాళ్ల కింద నేల అదిరింది.

"ఏమప్పా, ఇంతసేపూ మగ్గాలు ఆపినారా?" అని అడిగింది.

కొండవ్వ పోయి ఎన్ని తరాలయిందో. ఆ వీధిలో పురిటింట ఇప్పుడు మగ్గం ఆపరు. బిడ్డ ఊరుకోకపోతే చూడవచ్చినవాళ్లు ముందు సలహా చెప్పరు. చేతులు చాచి, "నాకు ఇనపడదు, ఇట్లియ్యి," అంటారు. అందరికీ చక్కగా వినబడుతుంది. అయినా అదే అంటారు. ఆ మాట వింటే తల్లి ఇంకేమీ అడగదు. బిడ్డని వాళ్ల చేతుల్లో పెట్టి, పోయి పడుకుంటుంది.