రాజుగారి వాక్కాయలు

కోటలో రాజుగారు తన చేత్తో నాటిన వాక్కాయ చెట్టు కాపుకొచ్చింది. కాయలు తేనెలా ఉన్నాయని మంత్రి చెప్పాడు. రాజు నమ్మేశాడు, నోట పెట్టి చూడనేలేదు. అప్పట్నించీ ఏటా తొలికాపు కోయగానే ఊరందరినీ వరుసలో నిలబెట్టి తలా ఒక కాయ తినిపించేవాడు. మొహం చిట్లించినవాడికి సంకెళ్లే.

ఈ ఏడు వరుసలో బుట్టలల్లే గవరమ్మ నిలబడింది. నిరుడు కాయ తింటూ ఒక్క కన్ను చిట్లించాడని ఆమె మొగుణ్ణి చెరసాలలో పడేశారు. ముందున్న ముసలాయన కళ్ల నీళ్లు కారుతుంటే నవ్వుతూ కాయ మింగాడు. పక్కనే భటుడి చేతిలో సంకెళ్లు గలగలమన్నాయి. అరచేతిలో ఎర్రటి కాయ పడింది. గవరమ్మ దాన్ని కళ్లకద్దుకుని ఊరుకుంది.

"తినవేం?" రాజు ఉరిమాడు.

గవరమ్మ వంగి దణ్ణం పెట్టింది. "మారాజా, ఏలినవారు ముట్టకుండా తొలికాపు మేం తింటే ఎంగిలి చేసినట్టు కాదా? ఇన్నేళ్లూ అపచారం చేశాం. ముందు తమరు ఆరగించండి. తమరెలా తింటే నేనూ అచ్చం అలాగే తింటాను."

"అలాగే తిను!" రాజు ఉప్పొంగిపోయి ఓ కాయ కసుక్కున కొరికాడు. మరుక్షణం రెండు కళ్లూ మూసుకుపోయాయి, మీసాలు ముక్కు మీదికెక్కాయి, మెడ భుజాల్లోకి దిగిపోయింది.

గవరమ్మ తన కాయ కొరికి, అచ్చం అలాగే మొహం పెట్టింది.

అలవాటు కొద్దీ సంకెళ్లతో ముందుకురికిన భటుడు, ఎవరికి వెయ్యాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "చెరసాల ఖాళీ చెయ్యండి," అన్నాడు. "మంత్రిగారికి చోటు కావాలి."