గడపలమిట్టకు రాని గడప

నల్లవాగు వంతెన దాటి ఎడమకు తిరిగితే కనిపించే మెరకనే గడపలమిట్ట అంటారు. ఇక్కడ గుడి లేదు, గోపురం లేదు, విగ్రహం లేదు. నాపరాతి గడపలు వరుసగా నేలలో పాతి ఉంటాయి. వాటికి తలుపులు లేవు, వెనక ఇళ్లు లేవు. వరుస చివర ఒక గుంట ఖాళీగా ఉంటుంది. దర్శనానికి వచ్చినవారు గడపలను తొక్కకుండా దాటాలి. పసుపు రాయకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు. కారణం తెలిశాక ఎవరికీ కొట్టబుద్ధి కూడా కాదు.

పూర్వం ఇక్కడ మాదిగవాడ ఉండేది. పూర్వమంటే కృతయుగం కాదు, మన తాతల కాలమే. కూలి పెంచమని అడిగినందుకు పై ఊరి ఆసాములు ఒక మధ్యాహ్నం వాడను చుట్టుముట్టి నిప్పు పెట్టారు. బయటికి పరుగెత్తినవారిని గొడ్డళ్లతో నరికారు. వాగు అవతల గడ్డి కోస్తున్న దీనమ్మ ఒక్కతే బతికింది. ఆమె మొగుడూ పిల్లలూ బతకలేదు. సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. తాటాకు కాలింది, వాసాలు కాలాయి, రాతి గడపలు మిగిలాయి. ఆసాములు వాటినీ వదల్లేదు. బండ్లకెత్తించుకుపోయి తమ దొడ్లలో బట్టలుతికే బండలుగా వేసుకున్నారు. శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే.

చాలా ఏళ్లకు ప్రభుత్వం స్మారకం కట్టిస్తామన్నది. కమిటీ వేశారు, అందులో పై ఊరి పెద్దలే ఎక్కువ. నాగభూషణమనే శిల్పి చేత పాలరాతి దేవదూత బొమ్మకు నమూనా చేయించారు. దాని కింద ‘అగ్నికి ఆహుతైనవారి స్మృత్యర్థం’ అని రాయించారు. ఆ మాట చదివి వినిపించగానే దీనమ్మకు ఒళ్లు మండింది.

“నిప్పు దానంతటదే నడిచొచ్చిందా అయ్యా? పెట్టినోళ్ల ఊసే లేదే?” అని అడిగింది. “ఈ బొమ్మ మాకొద్దు. మా గడపలు ఈళ్ల దొడ్లల్లో ఉండయ్. పేడ తీయను పోయినప్పుడు నా గడప నా కళ్లతో చూశా. మా ఆయన పాతేటప్పుడు దాని మూల విరిగింది. అయ్యి తెచ్చి ఈడ పాతండి, చాలు.”

శిల్పి నమూనాను తానే గోనెసంచిలో చుట్టేశాడు.

ఊరు భగ్గుమంది. పాత గాయాలు కెలకవద్దన్నారు, గాయం ఎవరిదో మాత్రం చెప్పలేదు. రాళ్లకు దండం పెట్టడమేమిటని నవ్వారు, తాము పొద్దున్నే దేనికి దండం పెట్టి వచ్చారో మరిచిపోయి. స్మారకం అందంగా ఉండదని పత్రికల్లో రాశారు. అది నిజమే.

దీనమ్మ శిల్పిని వెంటబెట్టుకుని ఇంటింటి ముందూ నిలబడి “మా గడప ఇవ్వండి” అని పిలిచింది. సిగ్గుపడి కొందరు, కలెక్టరుకు భయపడి కొందరు ఇచ్చారు. ఆసామి వీరరాఘవులు మాత్రం “అది మా రాయే” అని తలుపు వేసుకున్నాడు. మూల విరిగిన గడప ఉన్నది ఆ ఇంట్లోనే. కొత్త రాయి వేయిస్తామని కమిటీ ఎంత బతిమాలినా దీనమ్మ ఒప్పుకోలేదు. తన ఇల్లున్న చోట గుంట తవ్వించి అలాగే వదిలేయించింది. ఏటా వాడ కాలిన రోజున వీరరాఘవులు ఇంటి ముందుకు వెళ్లి పిలిచేది. గడప రాకముందే ఆమె పోయింది.

ఈ క్షేత్రంలో సంతానం, సంపద వంటి వరాలు అడగకూడదు. ఇవ్వగలిగినవారిని ఎప్పుడో చంపేశారు. దర్శనం ముగించుకున్న యాత్రికులు తిరుగు దారిలో పై ఊళ్లో ఆగి, వీరరాఘవులు మనుమల ఇంటి గోడ బయట నిలబడి, “దీనమ్మ గడప ఇవ్వండి” అని ఒక్కసారి పిలుస్తారు. అలా పిలిచినవారికి అన్యాయం ముందు నోరు పడిపోదని నమ్మకం.

లోపల దొడ్లో బట్టలుతికే చప్పుడు కాసేపు ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది.