పడవ మీద పురుడు

అనగనగా, గోదారి సముద్రంలో కలిసేచోట ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నమని ఒకావిడ. ఆవిడా, మొగుడు సింహాద్రీ పడవేసుకుని పాయల్లో పీతలు పట్టేవారు. ఊఁ కొట్టు మరి!

ఊరి పక్కన మడ అడవి ఉండేది. ఉప్పునీళ్ళ బురదలో వేళ్ళూనుకుని పెరిగే చెట్లమ్మా అవి. ఏటా వానలకి కొంగలూ, నీటికాకులూ వచ్చి వాటి మీద గూళ్ళు కట్టేవి. అయితే ఊరివాళ్ళు పొయ్యిలోకని రోజుకో మోపు నరికేశారు. నూకరత్నమూ నరికింది.

ఓ ఏడు పిట్టలొచ్చేసరికి చెట్టన్నదే లేదు. పాపం, మూడ్రోజులు తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. ఒక్క నీటికాకుల జంట మాత్రం, గుడ్లు పెట్టే వేళై దూరం ఎగరలేక, నూకరత్నం పడవలో వాలింది. పుల్లా పుడకా తెచ్చి గూడు కట్టి, మూడు గుడ్లు పెట్టింది.

"తీసి గట్టున పెట్టేద్దామే, పీతల రోజులివి" అన్నాడు సింహాద్రి.

"పురిటికొచ్చిన పిల్లని గెంటేస్తామా మావా? దాని చెట్టు నరికింది మనమే కదా!" అంది నూకరత్నం.

అప్పట్నించీ ఆవిడ పడవ జోలికే పోలేదు. మోకాలిలోతు బురదలో దిగి, చేతుల్తోనే పీతలు పట్టింది. వేళ్ళన్నీ కరిపించుకుంది. ఊరంతా నవ్వింది. రెణ్ణెల్లకి మూడు పిల్లలూ టపటపా రెక్కలు కొట్టుకుని ఎగిరాయి. నవ్వినవాళ్ళే గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టారు!

ఆ తర్వాత నూకరత్నం ఎక్కడెక్కడి మడ విత్తనాలో ఏరుకొచ్చి నాటింది. సముద్రప్పోటుకి అన్నీ కొట్టుకుపోయాయి. మళ్ళీ నాటింది. గేదెలు మేసేశాయి. గట్టున కూలబడి ఏడ్చేసింది తల్లి.

మూడోసారి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆవిడతో బురదలోకి దిగారు. పోటునీళ్ళు నెమ్మదిగా వచ్చిపోయేలా కాలవలు తవ్వారు. వంతులేసుకుని గేదెల్ని తోలారు. పొయ్యిలోకి సరుగుడు పుల్లలే వాడారు. అప్పుడు మొక్కలు నిలిచాయి. మోకాలెత్తు, నడుమెత్తు, ఆ తర్వాత ఇంటెత్తు!

ఏడేళ్ళు పట్టింది. ఆ ఏటి వానలకి మొదట ఒక కొంగ వచ్చింది. తర్వాత పది. ఆ తర్వాత ఆకాశమే కనపడలేదు! గోలంటే గోలా అది! "రత్నం, అన్నం పెట్టవే" అని సింహాద్రి ఎంత అరిచినా ఆవిడకి వినపడలేదు. వెతుక్కుంటూ వచ్చి చూస్తే, నెత్తినిండా పిట్టరెట్టలతో చెట్ల కింద నిలబడి నవ్వుతోంది. సింహాద్రీ పైకి చూశాడు. టప్! ఆయన ముక్కు మీదా పడింది.

కథేమో కంచికెళ్ళె,
కొంగేమో గూటికెళ్ళె,
బుజ్జితల్లి కళ్ళేమో నిదరకెళ్ళె!