ఏడెకరాల తోటకీ ఒక్కటే

"వాళ్ళు నోరు విప్పరు మాస్టారూ! మైకు తెచ్చి చేతిలో పెట్టినా విప్పరు!"

గుమ్మంలో నిలబడే అరిచాను. దైవసహాయం మాస్టారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ముందు చెప్పులు విప్పి లోపలికి రా," అన్నారు.

ఆయన మార్కాపురం కోర్టులో ముప్ఫై నాలుగేళ్ళు స్టెనోగ్రాఫరుగా చేశారు. ప్లీడర్లు వాదించింది, సాక్షులు చెప్పింది, జడ్జీలు విసుక్కున్నది, అన్నీ రాసుకోవడమే ఆయన ఉద్యోగం. మా యువ నిపుణుల ఫోరం ఈ ఊళ్ళో మొదలైనప్పుడు తొలి సభ్యుల్లో ఆయన ఒకరు. నలభై ఏళ్ళు దాటితే ఫోరంలో సభ్యత్వం ఉండదు. ఆయన సభ్యత్వం పోయింది గానీ, కొత్తగా చేరినవాళ్ళకి సభలో మాట్లాడటం నేర్పే పని మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది. నాకూ ఆయనే నేర్పారు. నేను ప్లీడరుని. నిరుడు ఫోరం అధ్యక్షుణ్ణి. ఇరవై ఏడేళ్ళవాణ్ణి. నోరు తెరిస్తే నినాదం.

కుర్చీలో కూర్చున్నాను గానీ కాళ్ళు నిలవలేదు.

బడి పలకలు చేసేవాళ్ళుండే పలకల కాలనీలో మేం కట్టిన చదువుల షెడ్డు వారం కిందటి వానకి కుంగింది. షెడ్డంతా కాదు, ఒక మూల. ఆ మూలన కూర్చుని బొమ్మల పుస్తకం చూసుకుంటున్న పల్లవి అనే ఎనిమిదేళ్ళ పిల్ల నేలతోపాటు కిందికి జారి రాళ్ళ మధ్య పడింది. ఒంగోలు ఆసుపత్రిలో కాలికి రెండు ఆపరేషన్లు చేశారు. నడుస్తుందన్నారు డాక్టర్లు. పరిగెత్తుతుందా అని అడిగితే మాట మార్చారు.

"ఇవాళ రాళ్ళు తీయించాం మాస్టారూ. కింద పాత బావి. చుట్టూ చెక్కిన రాళ్ళ వరస కూడా చెక్కుచెదరలేదు. తోట అమ్మేసేముందు ఆసామి పలకల చెత్త పోసి పూడ్చాడట. పైన మట్టి కప్పేశాడు. మన ఇంజినీరు పైమట్టి చూసి గట్టిగానే ఉందన్నాడు. అది మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ ముసలామెకి తెలుసట!"

"ఎవరికి?"

"కాశమ్మకి. పలకలు నూరుతుంది చూడండి, ఆవిడకి. వాళ్ళాయన ఆ తోటకి కావలివాడట. కాలనీలో మిగతావాళ్ళంతా తర్వాత వచ్చినవాళ్ళు. ఆ బావి సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మన సభకి వచ్చింది! నేనే మైకిచ్చాను! ఏదో సోది చెప్పి కూర్చుంది. ఒక్క ముక్క, ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పిల్ల ఇవాళ..."

ఆ మాట అక్కడే వదిలేసి ఉపన్యాసం అందుకున్నాను. తరతరాల అణచివేత మనుషుల నోళ్ళు ఎలా కుట్టేస్తుందో, మౌనం కూడా ఎలా ఒక నేరమవుతుందో చెప్పాను. గొంతు లేనివారికి గొంతవుదాం అని మేం బ్యానరు కట్టింది ఎందుకో చెప్పాను. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదువుకున్నవే. ఆ గదిలో వాటిని వినడానికి ఉన్నది ఆయనొక్కరే.

మాస్టారు చెయ్యెత్తారు. సాక్షి మరీ వేగంగా చెప్పుకుపోతుంటే ఆయన కోర్టులో అలాగే చెయ్యెత్తేవారట.

లేచి లోపలికెళ్ళి ఒక నోటుబుక్కు పట్టుకొచ్చారు. ఫోరం పెట్టే ప్రతి సభకీ వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, అందరి మాటలూ షార్ట్‌హ్యాండులో రాసుకోవడం ఆయన అలవాటు. ఎవరూ రాయమనరు. రాసింది ఎవరూ అడగరు. 'పెన్సిలు కదలకపోతే మాస్టారికి చెవులు వినబడవు' అని మేం నవ్వుకునేవాళ్ళం.

పేజీలు తిప్పి ఒకచోట ఆగి, చదవడం మొదలుపెట్టారు. కోర్టులో వాంగ్మూలం చదివి వినిపించే గొంతు అది. అందులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

"అందరికీ దండాలు. నా పేరు కాశమ్మ. మాది కొనకనమిట్ల కాడ పల్లె. నేను కాపరానికొచ్చేతలికి ఇదంతా బత్తాయి తోట బాబూ. ఇప్పుడు మీరు కుర్చీలేసుకున్న కాడ పెద్ద చెట్టుండేది. మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు నాకు ఒకటే వాంతులు. మా ఆయన ఆ చెట్టు కాయలు దొంగతనంగా తెచ్చి పెట్టేవోడు. కావలోడే దొంగ. (నవ్వులు.) ఒక యేడు కాపు ఇరగకాసింది. కాయ ఇంత. (చేత్తో చూపించింది.) ఆ పైయేడు వానల్లేవు. చెట్లు ఎండిపోతన్నయ్. నీళ్ళు పెడదామంటే ఏడెకరాల తోటకీ ఒక్కటే..."

ఆగారు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత గంట."

నోటుబుక్కు నా వైపు తిప్పారు. ఆ గీతలు నాకు చదవడం రాదు. కానీ అవి పేజీలో పైనే అయిపోయాయి. కిందంతా ఖాళీ. తర్వాతి మనిషి మాటలు అవతలి పేజీలో మొదలయ్యాయి.

"మాట మధ్యలో ఆగిపోతే మిగతా పేజీ వదిలేస్తాను," అన్నారు. "మళ్ళీ పిలిచినప్పుడు అక్కణ్ణించి రాసుకోవచ్చని. కోర్టు అలవాటు."

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే, అసలు మరిచిపోతే కదా.

కాలనీకి ఏం కావాలో కాలనీవాళ్ళే చెప్పాలని నేనే ఆ సభ పెట్టించాను. మనిషికి రెండు నిమిషాలు. నిమిషం కాగానే పచ్చ కార్డు, ఒకటిన్నర నిమిషానికి పసుపు కార్డు, రెండో నిమిషం నిండగానే ఎర్ర కార్డు, వెంటనే గంట. ఫోరంలో మేమంతా మాట్లాడటం నేర్చుకున్నది ఆ కార్డుల ముందే. ఆ రోజు కార్డులు పట్టుకున్నది నేను. కాశమ్మ చేత్తో బత్తాయికాయ చూపిస్తుండగా నేను పసుపు కార్డు చూపిస్తున్నాను. ఆమెకి అదేమిటో తెలియదు. నవ్వుతూ నాకు తలూపింది. గంట కొట్టాను. ఆమె ఉలిక్కిపడి, అందరికీ మళ్ళీ దండం పెట్టి, మైకు నా చేతికిచ్చి వెళ్ళి కూర్చుంది. మేం చప్పట్లు కొట్టాం. ఎవరు ఎలా మాట్లాడినా చివర చప్పట్లు కొట్టడం మా ఫోరం పద్ధతి.

నలభై ఒక్కమంది అభిప్రాయాలు, తొంభై నిమిషాల్లో. నివేదికలో ఆ వాక్యం నేనే రాశాను. దానికే జోన్ స్థాయిలో ఉత్తమ ప్రాజెక్టు షీల్డు వచ్చింది.

నాకు వేరే దారి కనబడక ఆయన మీదికి తిరిగాను.

"ఆ నియమం మీదే మాస్టారూ. రెండు నిమిషాల్లో చెప్పలేనివాడు రెండు గంటలిచ్చినా చెప్పలేడని నేర్పింది మీరే."

"నేనే."

"కార్డులూ మీవే."

"పెళ్ళి శుభలేఖల అట్టలు. రంగు కాయితం అంటించి నా చేత్తో కోశాను. నువ్వు అప్పటికి పుట్టను కూడా లేదు."

"ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారు. మీరైనా అడగొచ్చు కదా, ఒక్కటే ఏమిటమ్మా అని?"

అన్నాక అనకుండా ఉండాల్సింది అనిపించింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"పెన్సిలు ఆగింది ప్రమోదూ," అన్నారు. "ఆగింది. నేను పేజీ తిప్పాను."

బయట ఆటోలో ఎవరో కూరగాయలు అమ్ముతూ మైకులో ధరలు చెబుతున్నాడు. మాస్టారు నోటుబుక్కు చంకలో పెట్టుకుని, జేబులో పెన్సిలు తడిమి చూసుకుని, చెప్పులు వేసుకున్నారు.

"పద," అన్నారు.

కాశమ్మ ఇంటిముందు రేకుల నీడలో పీట మీద కూర్చుని పలకలు నూరుతోంది. పక్కన నీళ్ళ బొక్కెన, వెనక అంచులు కోసిన పలకల దొంతర. మోచేతులదాకా బూడిదరంగు బురద. మమ్మల్ని చూసి గబగబా చేతులు కడుక్కుంది. కడిగినా ఆ రంగు పోలేదు.

"పాప ఎట్టా ఉంది బాబూ?"

"బాగానే ఉందమ్మా."

"నిలబడిందా?"

"ఇంకా లేదు."

ఆమె తల దించుకుంది. మాస్టారు అరుగు చివర కూర్చున్నారు. నేను కూర్చోలేదు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, అలాగే అడిగాను.

"ఆ షెడ్డు కింద బావి ఉందని నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసు నాయనా."

"సభలో కుదరలేదు, సరే. తర్వాతైనా చెప్పొచ్చు కదా?"

"షెడ్డుకి ముగ్గు పోసిన రోజున వచ్చా బాబూ. మీరంతా పెద్ద పెద్ద కాయితాలు పరుచుకుని చూస్తన్నారు. చదువుకున్న పిలకాయలు, ఆ కాయితాల్లో ఉంటదిలే అనుకున్నా. ఒకసారి గంట కొట్టించుకున్నదాన్ని, మళ్ళీ ఏం అడ్డం పడేది అని ఎల్లిపోయా." చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. "తప్పు నాదే. మీరు టయాం పెట్టారు. అందరూ ఆ టయానికి చెప్పుకున్నారు. నాకే చేతకాలా."

"అది కాదమ్మా..."

"ఉండు నాయనా, ఇప్పుడొచ్చింది నాకు. పాప పడ్డకాణ్ణించీ రోజూ అనుకుంటన్నా, పలకలు నూరేటప్పుడు."

ఆమె లేచి నిలబడింది. సభలో నిలబడినట్టే, చేతులు జోడించి, ఎదురుగా ఎవరూ లేని చోటికి చూస్తూ గబగబా చెప్పింది.

"అందరికీ దండాలు. నా పేరు కాశమ్మ. మీరు షెడ్డు కట్టే కాడ పూడ్చిన బాయి ఉంది. అక్కడ కట్టబాకండి."

చేతులు దించి నా వైపు చూసింది.

"టయానికి సరిపోయిందా బాబూ?"

ఫోరంలో నేను నేర్చుకున్నదీ, నా తర్వాత వచ్చినవాళ్ళకి చెబుతూ వచ్చిందీ అదే. ముందు అసలు సంగతి, పక్కదారులు వద్దు, మాట వృథా చేయొద్దు. ఇంత బాగా ఎవరూ నేర్చుకోలేదు. సరిపోయిందని చెప్పాలా, సరిపోలేదని చెప్పాలా?

"ఇంతే గదా," అంది కాశమ్మ. "ఇంత చిన్న మాట. దీనికి బత్తాయిలనీ, వాంతులనీ..." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మాస్టారు నోటుబుక్కు తెరిచారు. ఖాళీగా వదిలిన పేజీ వెతికి పట్టుకున్నారు. పుస్తకం నా చేతిలో పెట్టారు. జేబులోంచి పెన్సిలు తీసి అదీ ఇచ్చారు. నా భుజం మీద చెయ్యేసి నేల మీద కూర్చోబెట్టారు, కాశమ్మ పీట కంటే కిందగా.

"నాకు షార్ట్‌హ్యాండు రాదు మాస్టారూ. అందుకోలేను."

"అందుకోకు."

ఆమె వైపు తిరిగారు.

"అమ్మా, ఆ యేడు వానల్లేవన్నావు. చెట్లు ఎండిపోతున్నాయన్నావు. అక్కణ్ణించి చెప్పు."

కాశమ్మ మళ్ళీ పీట మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది. చెప్పబోయి ఆగి, నా చేతుల వైపు చూసింది. ఒక చేతిలో నోటుబుక్కు, ఒక చేతిలో పెన్సిలు. కార్డులూ లేవు, గంటా లేదు.

అయినా ఆమె ఇంకా చూస్తూనే ఉంది.