కాగితంలో లేని పాలు

శిష్యులు ఏదైనా అడిగితే కోదండయ్య నోటితో జవాబు చెప్పే రకం కాదు. ఎవరికో ఒకరికి ఏదో పని పురమాయించి, తాను చూస్తూ కూర్చునేవాడు.

కాళహస్తిలో ఆయన దగ్గర పదకొండేళ్లుగా కలంకారీ పని చేస్తున్న చెంగల్రాయుడు, కొత్తగా చేరేవాళ్ల కోసం పని పద్ధతంతా రాసి తెచ్చాడు. గురువు ఊ అంటే అది అచ్చుకు వెళుతుంది, కొత్తవాళ్లకు పాఠం చెప్పే పీటా తనదవుతుంది. ఆ పీట కోసం పాపం, మూడేళ్లుగా కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశాను గురువుగారూ. ఇంకా ఏమైనా లోటుందా?"

కోదండయ్య ఆ కాగితం చదవనైనా లేదు. వంట చేసే అలివేలమ్మను కేకేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఏనాడూ బొమ్మలు గీసే కలం పట్టిన మనిషి కాదు.

"ఇందులో ఉన్నట్టు చెయ్యమ్మా. నువ్వు మాత్రం నోరు విప్పకు రాయుడూ."

అలివేలమ్మ ఒక్కో వరుసా వేలు పెట్టి చదువుకుంటూ, కరక్కాయ పొడి నీళ్లలో కలిపి గుడ్డ నానబెట్టింది. రాయుడు చటుక్కున ముందుకు వంగాడు. చిక్కటి గేదెపాలు కలపందే గుడ్డ మీద సిరా నిలవదు. ఆ పాలేమో ఆమె వంటింట్లోనే తపేలా నిండా ఉన్నాయి! నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. గుడ్డ ఎండలో ఆరాక, మధ్యాహ్నం ఆమె ముచ్చటపడి ఒక చిలకను గీసింది. నల్లసిరా పాకి, చూస్తుండగానే చిలక గొర్రెపిల్లంత ఉబ్బింది.

"అయ్యో, పాలేవమ్మా?" ఉండబట్టలేక అరిచాడు రాయుడు.

"ఇందులో పాల ఊసే లేదు కదయ్యా!" అలివేలమ్మ నొచ్చుకుంది.

"అది కూడా రాయాలా? ఎవరికి తెలీదు!"

కోదండయ్య లేచి, లోపలి పెట్టెలోంచి ఒక పాత గుడ్డ తెచ్చి విప్పాడు. దాని మీద ఒక నెమలి. తోకంతా నల్లగా అలుక్కుపోయింది. అడుగున వంకర అక్షరాలతో చెంగల్రాయుడి పేరే ఉంది. చేరిన రోజు గీసిన నెమలి! ఆ సాయంత్రం కుళాయి దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చిన సంగతి గుర్తొచ్చి, అతనికి సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది.

"దీన్ని ఇన్నాళ్లూ ఎందుకు దాచారు గురువుగారూ?"

"ఆ రోజు పాల సంగతి నీకు చెప్పడం మరిచింది నేనే కదరా," అంటూ కోదండయ్య ఆ గుడ్డను అతని ఒళ్లో పెట్టాడు. "పీట ఎక్కడికీ పోదులే. దీన్ని ఎదురుగా పెట్టుకుని మళ్లీ రాయి."