మెడపట్టీకి చాలని ఊలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులని మీరు అప్పుడే వేళ్లు మడుస్తున్నారు, ఆగండి. ముగ్గురే. పెద్దవాడు జయకేతుడు, నడిమివాడు విజయకేతుడు, చిన్నవాడు హేమకేతుడు. రాజు పేరు భద్రకేతుడు. వాళ్ల రాజ్యం పేరు చలికొండ. అక్కడ ఎండ కూడా దుప్పటి కప్పుకునే వస్తుందని జనం అనేవారు.

అంత చలిలో ఊలు చొక్కా లేకపోతే బతుకు లేదు. ఊలు చొక్కా అంటే మీరు స్వెట్టరు అంటారే, అదే. చలికొండలో బిడ్డ పుట్టగానే తల్లి ఒక చొక్కా అల్లుతుంది. ఏడాది తిరిగేసరికి బిడ్డ ఎదుగుతాడు, చొక్కా ఎదగదు. అప్పుడు తల్లి దాన్ని మొత్తం విప్పేసి, ఆ దారానికే కాస్త కొత్త ఊలు కలిపి మళ్లీ పెద్దదిగా అల్లుతుంది. ఏటేటా ఇదే పని. చివరికి పెళ్లినాడు పెళ్లికొడుకు తొడుక్కునే చొక్కాలో వాడు పుట్టిననాటి ఊలు కూడా ఉంటుంది. అది అక్కడి ఆచారం.

రాణి కమలినికి అల్లడమంటే ప్రాణం. రావడం మాత్రం అంతంతే. దానికి తోడు ఆమెకు సూదుల పిచ్చి. ఏ వర్తకుడు వచ్చినా వింత వింత అల్లిక సూదులు కొనేది. కోడిపుంజు తల సూదులు, వంకాయ తల సూదులు, కోతి తల సూదులు, పెట్టె నిండా అవే. పెద్దవాడి చొక్కా మెడ ఎంత బిగువంటే తల దూరింది గాని చెవులు దూరలేదు. నడిమివాడి చొక్కాకు ఒక చెయ్యి మోచేతి దాకా ఉంటే రెండోది మోకాలి దాకా వచ్చింది. చిన్నవాడి చొక్కాకు రొమ్ము మీద ఒక కుట్టు జారింది. అది వరస వరసా కిందికి జారి, వేలు పట్టేంత చిల్లు పడింది. ఇదేమిటమ్మా అని అడిగితే, ఈ కోతి నా వంక చూసి వెక్కిరిస్తుంటే కుట్టు జారదా అనేది. ఆడలేక మద్దెల ఓడని దాసీలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. మీరు మాత్రం నవ్వకండి. మీ అమ్మ అల్లినదానికి రెండు చేతులూ సమానంగా ఉన్నాయా?

చిన్నవాడు ఆ చిల్లులో వేలు పెట్టుకుని నిద్రపోయేవాడు.

వాడికి ఆరో ఏడు వచ్చింది. అన్నల చొక్కాలు విప్పి అల్లడం అయిపోయింది, ఇక వాడిదే మిగిలింది. అప్పుడు రాణి జ్వరపడి కన్ను మూసింది. ముసలి దాది వచ్చి, నేను విప్పి అల్లుతాను నాయనా, ఇలా ఇవ్వు అంది. వాడు ఇవ్వలేదు. విప్పితే అమ్మ వేసిన కుట్లు ఉండవు కదా. మరుసటేడూ ఇవ్వలేదు, ఆ పై ఏడూ ఇవ్వలేదు. అది ఒంటికి పట్టదు, వేరేది అల్లిస్తే తొడుక్కోడు. కంబళి కప్పుకుని, ఆ చిన్న చొక్కాను చంకలో పెట్టుకుని తిరుగుతూ పెద్దవాడయ్యాడు. అమ్మ పోయిందని వాడు ఏనాడూ ఏడవలేదు. చంకలో ఉందిగా అనుకున్నాడు, పిచ్చి తండ్రి.

ఇదిలా ఉండగా, ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో శీతలాంగుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు చావు రాకూడదని తన ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఒక చిలకలో దాచాడు. ప్రాణం లేని ఒంట్లో వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఆనాటి నుంచి వాడికి ఒకటే చలి. మంట ముందు కూర్చున్నా చలే, పది దుప్పట్లు కప్పినా చలే. పొరుగు దేశపు రాజకుమారి సౌగంధి అల్లికలో దిట్ట అని విని, నాకు వెచ్చని అంగీ అల్లిపెట్టు అని ఆమెను ఎత్తుకుపోయాడు.

ఆమెను విడిపించి తెస్తానని జయకేతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతానని విజయకేతుడు వెళ్లాడు, వాడూ తిరిగి రాలేదు. అప్పుడు హేమకేతుడు తండ్రి కాళ్లకు మొక్కి, నేను వెళతానన్నాడు. ఉన్న ఒక్కణ్నీ ఎలా పంపాలో రాజుకు తెలియలేదు. వద్దనడానికి నోరు తెరిచి, వెళ్లిన ఇద్దరూ కళ్లలో మెదలడంతో వెళ్లిరా అన్నాడు.

హేమకేతుడు నడిచి నడిచి సముద్రపు ఒడ్డుకు చేరాడు. అక్కడ కొండకొమ్మున ఒక గండభేరుండ పక్షి గుడ్డును పొదువుకుని వణుకుతోంది.

“రాజకుమారా, నా గుడ్డు చల్లబడిపోతోంది. నీ చంకలో మెత్తగా ఉన్నదేమిటి? అది ఇస్తావా?” అని అడిగింది.

“ఇది మా అమ్మ అల్లింది. ఇది తప్ప ఏదైనా అడుగు” అన్నాడు హేమకేతుడు. అని ఊరుకోలేదు, తన కంబళి తీసి గుడ్డు చుట్టూ చుట్టాడు. గుడ్డు వెచ్చబడింది. పక్షి సంతోషించి వాణ్ని వీపు మీద ఎక్కించుకుని, ఏడు సముద్రాలూ దాటించి దీవిలో దింపింది.

దీవి నిండా గొర్రెలు. అప్పుడే ఊలు కత్తిరించిన ఒక పెద్ద పొట్టేలు గాలికి గడగడలాడుతోంది. పొట్టేలు ఏమీ అడగలేదు. దగ్గరికి వచ్చి, వాడి చంకలో ఉన్న చొక్కాకు ముక్కు ఆనించి వాసన చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అమ్మ వాసన ఇంకా ఉందిరా తమ్ముడూ” అంది.

జయకేతుడే ఆ పొట్టేలు. పక్కనే నిలబడ్డ గొర్రె విజయకేతుడు. వచ్చిన ప్రతి రాజకుమారుణ్నీ మాంత్రికుడు గొర్రెను చేసి ఊలు కత్తిరిస్తున్నాడు. బలవంతాన లాక్కున్న ఊలుతో ఎంత అల్లించినా వాడికి వెచ్చదనం రాదు, ఆ సంగతి వాడికి ఎక్కదు. హేమకేతుడు తన అంగరఖా విప్పి అన్న వీపు మీద కప్పి మెడ కౌగిలించుకున్నాడు. మాంత్రికుడి గుట్టు అన్న చెప్పాడు. సౌగంధి కిటికీలోంచి గొర్రెలతో చెప్పుకుని ఏడిచేదట, అలా తెలిసింది.

వాడి ప్రాణమున్న చిలక పంజరంలో లేదు. సౌగంధి అల్లే సూదుల తలల మీద రెండు కొయ్య చిలకలున్నాయి. కుట్లు ఏ సూది మీద ఉంటే ప్రాణం ఆ చిలకలోకి వెళుతుంది. వరస మారితే ప్రాణమూ సూది మారుతుంది. సూది మీద ఒక్క కుట్టున్నా దాన్ని కత్తి నరకలేదు, నిప్పు కాల్చలేదు. అంగీ పూర్తయి ఆఖరి కుట్టు దిగిందంటే మాత్రం ప్రాణం ఆ చిలకలోనే చిక్కుకుంటుంది, ఆ సూది పుల్లలా విరుగుతుంది.

“అందుకని వాడు ఊలు తనే తూచి ఇస్తాడు. ఎప్పుడు అల్లినా మెడపట్టీకి చాలదు. చాలలేదు గనక విప్పి మళ్లీ మొదలుపెట్టమంటాడు. వాడికి అవ్వా కావాలి, బువ్వా కావాలి” అన్నాడు జయకేతుడు.

హేమకేతుడు కోట గోడ దగ్గరికి వెళ్లాడు. గోడ మొదట్లో ఒక పందికొక్కు పిల్లల్ని వేసుకుని ముడుచుకుని ఉంది. దాని కన్నూ చంకలోని చొక్కా మీదే పడింది. అది ఇస్తే పిల్లలకు పక్క వేసుకుంటానంది. ఇది మా అమ్మ అల్లింది, ఇది తప్ప ఏదైనా అడుగు అని వాడు తలపాగా విప్పి ఇచ్చాడు. పందికొక్కు పిల్లల్ని అందులో పడుకోబెట్టి, గోడ కింద మనిషి పట్టేంత కన్నం తవ్విపెట్టింది. ఇక వాడి ఒంటి మీద ఒక పంచె, చంకలో ఆ చొక్కా, అంతే మిగిలాయి.

మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు మాంత్రికుడు సముద్రపు బండ మీద ఉడుములా ఎండకు పడుకుంటాడు. లోపల సౌగంధి ఒళ్లో పెద్ద అంగీ పెట్టుకుని కూర్చుంది. అంగీ ఒళ్లు అయింది, చేతులు అయ్యాయి, మెడపట్టీ దగ్గర ఆగిపోయింది. ఎర్ర ముక్కు చిలక సూది నిండా కుట్లు. కింద బుట్టలో దారపుండ లేదు.

హేమకేతుడు తానెవరో చెప్పాడు. సౌగంధి తల ఊపింది. ఎండ వాలగానే మాంత్రికుడు వచ్చి విప్పించేస్తాడు, ఈసారి విప్పితే మళ్లీ అల్లే ఓపిక నాకు లేదు, చచ్చిపోతాను అంది. ఆమె వేళ్ల చివర్లు కాయలు కాచి, పగిలి ఉన్నాయి. మెడపట్టీకి చాలినంత ఊలు ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగింది. అడిగి, వాడి చంక వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

ఇది తప్ప అన్న మాట వాడి గొంతు దాకా వచ్చింది. బయట అన్నలు అరుస్తున్నారు. వాడు నేల మీద కూర్చున్నాడు. చొక్కాను చంకలోంచి తీసి ఒళ్లో పరుచుకున్నాడు. ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది వాడికి. అది అయిదేళ్ల పిల్లవాడి చొక్కా.

“నువ్వు విప్పుతావా రాజకుమారీ? నా వల్ల కాదు” అన్నాడు.

“నావి అల్లే చేతులు. విప్పవలసింది నువ్వే” అంది సౌగంధి.

వాడు మెడ దగ్గరి ముడిని పంటితో కొరికాడు. కొస పట్టుకుని లాగాడు. వాడు లాగుతుంటే ఆమె అల్లుతోంది. మెడ పోయింది. భుజాలు పోయాయి. చేతులు పోయాయి. ఒకచోట దారంలో ఒక పొడుగాటి నల్లని వెంట్రుక చిక్కుకుని ఉంది. అమ్మది. దాన్ని తీసుకుందామనుకునేలోపే అది దారంతో పాటు అల్లికలోకి వెళ్లిపోయింది. తరవాత రొమ్ము దగ్గరి చిల్లు వచ్చింది. వాడి చెయ్యి ఆగింది. వేలు పెట్టి చూశాడు, ఇప్పుడు వేలి కొన కూడా సరిగ్గా పట్టలేదు.

ఆగకు రాజకుమారా అని సౌగంధి మెల్లగా అంది. వాడు లాగాడు. దారం పోయాక చిల్లు ఎక్కడ ఉంటుంది? అదీ పోయింది. విప్పిన దారం మాత్రం అమ్మ వేసిన కుట్ల వంపులు పోగొట్టుకోకుండా మెలికలు మెలికలుగా ఉంది. చివరికి వాడి ఒళ్లో ఏమీ మిగల్లేదు. సౌగంధి ఆఖరి కుట్టు ముడి వేసింది. సూది ఊడి వాడి చేతిలోకి వచ్చింది. కొయ్య చిలక గుండె టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది.

గుమ్మంలో మాంత్రికుడు నిలబడి ఉన్నాడు. ఎండ వాలింది. వాడు సూదినీ చూశాడు, అంగీనీ చూశాడు. పారిపోలేదు, మంత్రం చదవలేదు. పళ్లు టకటకలాడుతుంటే గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“విరుద్దువుగాని నాయనా. ముందు ఒక్కసారి అది తొడుక్కోనీ” అన్నాడు.

ఇదేదో మాయ అని హేమకేతుడు అనుమానపడ్డాడు. నా ప్రాణం నీ చేతిలో ఉండగా ఇంక మాయేమిటి అన్నాడు మాంత్రికుడు. సౌగంధి హేమకేతుడి వంక చూసింది, వాడు సరేనన్నాడు. ఆమె అంగీ తొడిగింది. మెడపట్టీ మెడకు తగలగానే మాంత్రికుడు కళ్లు మూసుకున్నాడు. వాడి వణుకు ఆగింది. ఎన్ని వందల ఏళ్ల వణుకో అది.

“ఇక్కడ వెచ్చగా ఉంది. ఈ మెడ దగ్గరిది ఎవరి ఊలు?”

“మా అమ్మది.”

“ఎక్కడుంది మీ అమ్మ?”

హేమకేతుడు ఖాళీ అయిన చంక తడుముకున్నాడు. మాంత్రికుడికి అర్థమైంది. కుర్చీలో చేరగిలబడి, చేతులు రెండూ అంగీ మెడ మీద పెట్టుకుని, ఇక కానీ అన్నాడు. వాడు బతికినంత కాలం బయట అన్నలు గొర్రెలే. అందుకని హేమకేతుడు ఏడుపు దిగమింగి సూది విరిచాడు. చిలక ఒక్కసారి కీచుమంది.

బయట గొర్రెలన్నీ రాజకుమారులయ్యాయి. కుర్చీలో ఒక ముసలివాడు నిద్రపోతున్నట్టు ఉన్నాడు. సౌగంధి కత్తెర తెచ్చింది, మెడపట్టీ విప్పి నీ ఊలు నీకు ఇచ్చేస్తానంది. హేమకేతుడు దారపు కొస పట్టుకున్నాడు. కొంచెం లాగాడు కూడా. ముసలివాడి మొహం చూశాడు. ఆ కొసను మళ్లీ లోపలికి దోపి, పదండి అన్నాడు.

గండభేరుండం మళ్లీ వచ్చి అందరినీ ఇళ్లకు చేర్చింది. సౌగంధి తండ్రి ఆమెను హేమకేతుడికే ఇచ్చాడు, ఆమె కూడా అదే కోరింది. చలికొండలో పెళ్లి పందిరి వేశారు. పెళ్లికొడుకు పట్టుబట్టలతో వచ్చాడు, ఒంటి మీద ఊలు చొక్కా లేదు. చంకలో కూడా లేదు. జనం గుసగుసలాడారు. రాజు కొడుకు దగ్గరికి వచ్చి, మీ అమ్మ అల్లినది ఏదిరా అని అడిగాడు.

“చలేస్తున్నవాడి ఒంటి మీద వదిలి వచ్చాను నాన్నగారూ” అన్నాడు హేమకేతుడు. తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

“నాన్నగారూ, అమ్మ చచ్చిపోయింది” అన్నాడు.

ఆ కబురు తనకు అప్పుడే అందినట్టు రాజు కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. పెళ్లిపందిట్లో, అందరూ చూస్తుండగా, తండ్రీ కొడుకులు భోరుమని ఏడ్చారు. అన్నలిద్దరూ వచ్చి వాళ్లను పట్టుకుని ఏడ్చారు. పురోహితుడు ముహూర్తం దాటుతోందనలేదు. సౌగంధి ఊరుకోమనలేదు. ఏడుపు అయ్యేదాకా తలంబ్రాల పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడింది. ఆ తరవాతే మంగళసూత్రం కట్టించారు.

అన్నలు తలో దేశం ఏలుకున్నారు. హేమకేతుడు, సౌగంధి చలికొండను చాలా కాలం చల్లగా పాలించారు, చల్లగా అంటే చలిగా కాదర్రా. ఆ శీతాకాలం ఆమె అల్లి ఇచ్చిన కొత్త చొక్కా వాడు తొడుక్కున్నాడు, అది సరిగ్గా సరిపోయింది. ఇదర్రా కథ. ఇంక కళ్లు తుడుచుకుని, దుప్పటి మెడ దాకా లాక్కుని పడుకోండి.